పెంకుల మీది పాలపళ్ళు

ఈమధ్య దంతవైద్య బోర్డు పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి, “మేడం, మీ రోజుల్లో బేసిక్ సైన్సెస్ రివిజన్ ఎక్కడ చేశారు?” అని అడిగింది. “లాలాగూడలో, పెంకుల మీద” అన్నాను. పెద్దావిడకు చెవులు మందగించాయనుకుందేమో, గొంతు పెంచి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. నేనూ గొంతు పెంచి అదే జవాబు మళ్ళీ చెప్పాను.

వాళ్ళకు ఆ రోజు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నాకు కోపం కొంచెం తొందరగా వస్తుంది, కథ మాత్రం తొందరగా చెప్పడం రాదు. ఓపిక పట్టాలి.

అరవైల చివరి రోజులు. యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థుల గొడవలు అప్పటికింకా మొదలు కాలేదు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను దంతవైద్యంలో డిప్లొమా చదివి, సికింద్రాబాద్ వైపు ఒక ఆసుపత్రి దంత విభాగంలో చేరాను. పళ్ళు పీకడం, పుచ్చులు నింపడం, కట్టుడు పళ్ళకు కొలతలు తీయడం, అన్నీ చేసేదాన్ని. నాకంటూ ఒక కుర్చీ ఉండేది. రోగి కూర్చునే ఇనుప కుర్చీ, కాలితో తొక్కితే కీచుమంటూ పైకి లేచేది. దాని పక్కన నిలబడినంతసేపూ నన్ను అందరూ డాక్టరమ్మా అనేవారు. ఆ పిలుపు అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

సరిగ్గా ఆ కుర్చీకే ఎసరు వచ్చింది. డిప్లొమావాళ్ళందరూ బోర్డు పరీక్ష పాసు కావాలనీ, తప్పినవాళ్ళు ఇకమీదట రోగిని ముట్టుకోకుండా పక్కన ట్రే పట్టుకుని నిలబడాలనీ ఆర్డరు వచ్చింది. పరీక్షలో పళ్ళు పీకడం గురించి అడిగితే మాకు భయం లేదు. వాళ్ళు అడిగేది శరీర నిర్మాణం, శరీర ధర్మం, రసాయనం, సూక్ష్మజీవులు, గర్భంలో దవడ ఎలా తయారవుతుంది, పన్నులో ఏ పొర ఏ కణం నుంచి పుడుతుంది, ఇలాంటివి. రోజూ మా చేతులకు తగిలేవే అన్నీ. పుస్తకంలో మాత్రం పేర్లు మార్చుకుని, కొత్తవాళ్ళలా మొహం పెట్టుకుని కూర్చున్నాయి.

మా విభాగం నుంచి ముగ్గురం రాస్తున్నాం. మిగతా ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన మా సీనియర్. అనంతపురం వైపు మనిషి, సర్కారు ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పని నేర్పిన గురువు కూడా ఆయనే నాకు. ఆయన పీకితే పన్ను ఊడిందని రోగికి ఆలస్యంగా తెలిసేది. ఆయనకు ఒకటే మంత్రం. “వేరు ముక్క లోపల ఇడిచిపెట్టినోడు డాక్టర్ కాదమ్మా, దొంగ” అనేవాడు. పన్ను సగంలో విరిగితే భోజనం మానేసైనా ఆ ముక్క తీసేదాకా వదిలేవాడు కాదు. రెండో ఆయన నా తోటివాడు. నల్లకుంటలో గది తీసుకుని ఉండేవాడు. పుస్తకంలో ఏ పేజీ చెప్తే ఆ పేజీ ఒప్పజెప్పేవాడు, పేజీ అడుగున ఉన్న నంబరుతో సహా.

డ్యూటీ అయ్యాక ముగ్గురం క్యాంపస్‌లో ఒక భవనం వెనక రాతి మెట్ల మీద చేరేవాళ్ళం. నేనూ సీనియరూ బస్సులో తార్నాకలో దిగి నడిచేవాళ్ళం. తోటివాడు సైకిల్ మీద వచ్చేవాడు. సీనియర్ చేతిసంచిలో ఒక గాజు సీసా ఉండేది. ఇరానీ హోటల్లో బిస్కెట్లు పోసి ఉంచే రకం. అందులో ఆయన ఎన్నో ఏళ్ళుగా పీకి, కడిగి, దాచిన పళ్ళు ఉండేవి. కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి, వేళ్ళతో తడిమి పైదా కిందిదా, కుడా ఎడమా, ఎన్నోదో చెప్పాలి. వైవాలో అదే అడుగుతారు.

కొన్ని వారాలకు మేం ఎంత ఆరితేరామంటే ఆ పళ్ళకు పేర్లు కూడా పెట్టుకున్నాం. నల్లగా గారపట్టినది పాన్‌డబ్బా. వేరు పక్కకు తిరిగినది వంకరకాలు. అన్నిటికంటే పెద్దది, బొద్దుగా ఉన్న దవడ పన్ను, పట్వారీ. పట్వారీ అంటే మా సీనియర్‌కు ప్రాణం. వేళ్ళకు తగలగానే, “వచ్చినాడమ్మా దొర” అనేవాడు.

మా మెట్ల మీదకు నాలుగో మనిషి ఒకాయన వచ్చి చేరాడు. జువాలజీ లెక్చరర్, తార్నాకలో అద్దెకు ఉండేవాడు. ఆయన మాకు మొదట రోగిగా పరిచయం. సీనియర్ ఆయన దవడ పన్ను పీకితే, నెత్తురు ఉమ్మేయకముందే ఆ పన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, “డాక్టర్ సాబ్, నా పన్నుకు మూడు వేర్లున్నయి. గొర్రెకు ఎన్నుంటయి?” అని అడిగాడు. నోట్లో దూది ఉంది, అయినా అడిగాడు. “గొర్రెలు మా దగ్గరికి రావు సార్” అన్నాడు సీనియర్. మేం పరీక్షకు చదువుతున్నామని తెలిశాక, “నేను చెప్త, మీకేం ఖర్చు లేదు, చాయ్ తాగిస్తే సాలు” అని తనంతట తనే వచ్చాడు.

మొదటి రోజు మా సీసా విద్య చూసి ఆయన బాగా మెచ్చుకున్నాడు. మర్నాడు పళ్ళ డాక్టరైన తన దోస్తు దగ్గర్నుంచి వేరే పళ్ళు రుమాలులో మూట కట్టుకుని తెచ్చి మా ముందు పోశాడు. అంతే. నేను కుడిదాన్ని ఎడమ అన్నాను. తోటివాడు పైదాన్ని కిందిది అన్నాడు. సీనియర్ ఒక పన్నును చాలాసేపు తడిమి, “ఇది ఎవుర్దో నాకు తెల్దు” అన్నాడు. ఆ మాటతో గుట్టు బయటపడింది.

లెక్చరర్ పగలబడి నవ్వాడు. “మీరు పండ్లను సదవలే. గీ సీసను సదివిన్రు. ఇంట్లోళ్ళను నడక చూసి గుర్తుపట్టినట్టు గుర్తుపడుతున్రు. ఎగ్జామినర్ మీ ఇంట్లోళ్ళను తెస్తడా?”

ఆయన సీసా అందుకుని, దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తూ ఇంకో మాట అన్నాడు. “ఏంది, గిండ్ల పిల్లల పండ్లు ఒక్కటి గూడ లేవు?”

“పాలపండ్లు మాకెవురిస్తారు సార్?” అన్నాడు సీనియర్. “మేం పీకినా సరే, తల్లులు చెయ్యి సాపి అడిగి పట్టుకోనిపోతారు. పేడలో పెట్టి ఇంటిమీదికి ఇసరాల గదా. ఇసరకపోతే కొత్తపన్ను రాదంటారు.”

“సరే, రానీయకున్రి. గని, ఊడిన పాలపన్నుకు వేరుంటదా?”

“ఉండదు” అన్నాం ముగ్గురం.

“మరి ఏడికి పోయింది?”

“విరుగుతాది” అన్నాడు సీనియర్ వెంటనే. “ఇరిగి లోపలే ఉంటాది. తెల్లగా మొన కనపడతాది సార్, నేను ఎన్నో సూసినా. పిల్లోల్లకు పుండయితాదని అది కూడా తవ్వి తీసేస్తాను నేను.”

“కాదు సార్, కరుగుతది” అన్నాడు తోటివాడు. పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. దాన్ని ఒప్పజెప్పాడు, పేజీ నంబరు కూడా చెప్పాడు.

“కరిగేటందుకు అదేమన్న చక్కెరనా?” అన్నాడు లెక్చరర్. “రోజుకు పది చాయ్‌లు తాగిన నా పన్ను కరగలే. ఎవరు కరగబెడుతున్రు? ఎందుకు? ఎప్పుడాగాల్నో దానికెట్ల తెలుస్తది?”

తోటివాడు పుస్తకం మూసేశాడు. “సార్, గది ఒక్క మార్కు ప్రశ్న.”

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే పరీక్ష గురించి దిగులుతో కాదు. ప్రతి ఇంట్లో, ప్రతి పిల్ల నోట్లో, అన్నేసి వేర్లు మాయమైపోతుంటే ఎక్కడికి పోతున్నాయని ఇన్నేళ్ళూ ఒక్కసారైనా ఎందుకు అడగలేదా అని. నా పళ్ళూ అలాగే ఊడాయి కదా. మా కుటుంబం చర్చికి పోయేదే అయినా, పేడముద్ద దగ్గర మాత్రం పక్కింటివాళ్ళకు ఏమీ తీసిపోలేదు. ముందు ప్రార్థన చేయించి, తర్వాత పెంకుల మీదకు విసిరించేది మా అమ్మ. అంటే మా క్వార్టర్ల కప్పుల మీద ఎన్ని పళ్ళు ఉండాలి?

వానలకు ముందు క్వార్టర్లలో పెంకులు సర్దేవాళ్ళు. పగిలినవి తీసి కొత్తవి పెట్టడానికి నిచ్చెన వేసేవాళ్ళు. ఆ ఏడాది మా వరసకు నిచ్చెన రాగానే, చీర కొంగు నడుముకు దోపుకుని నేనూ ఎక్కాను. కింద మా అమ్మ మొత్తుకుంది.

“ఓ పిల్లా, దిగుతవా లేదా? కిందపడి నీ పండ్లే రాలితే ఎవలు పెడతరే?”

“నేనే పెట్టుకుంట, అదే నా పని” అన్నాను.

పెంకులు సర్దే ఆయన నన్ను వింతగా చూసి, సంగతి విన్నాక తనూ వెతకడం మొదలుపెట్టాడు. పెంకు పెంకుకూ మధ్య గాడిలో, ఎండిన ఆకుల కింద, ఒక్కొక్కటే దొరికాయి. పేడ ఎప్పుడో రాలిపోయింది. ఎండకు పాలిపోయి, జొన్నగింజల్లా ఉన్నాయి. ఈ వార్త వరసంతా పాకి, “మా కప్పు మీద గూడ చూడు బిడ్డా, మా చిన్నోనివి ఉంటయి” అని పిలిచినవాళ్ళు ఉన్నారు. “ఫిట్టరు బిడ్డకు మతి చెడ్డది” అన్నవాళ్ళూ ఉన్నారు. మా నానమ్మ సున్నం డబ్బా ఒకటి ఖాళీ చేసి అందులో పోశాను. చేతిలో పట్టుకుని ఊపితే గలగలమనేవి.

ఆ ఆదివారం మధ్యాహ్నం లెక్చరర్ తన లేబొరేటరీ తెరిపించాడు. చిన్న మైక్రోస్కోపు కింద పాలపన్నును బోర్లించి పెట్టాం. వంగి చూశాను. వేరు ఉండాల్సిన చోట గుల్లగా ఉంది. అంచు పల్చగా, ఎగుడుదిగుడుగా, దాని నిండా చిన్న చిన్న గుంటలు. చీమలు కొరికిన బెల్లం ముక్క అలాగే ఉంటుంది. ఒకటి కాదు, డబ్బాలో పన్ను పన్నుకూ అదే గుర్తు.

“ఇరిగితే కూడా ఇట్లే ఉంటాదేమో” అన్నాడు సీనియర్. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

“అయితే ఒకటి విరగ్గొట్టి చూద్దాం” అన్నాను. మా సీసాలో వేరు బలంగా ఉన్న పన్ను ఏదంటే పట్వారీ. సీనియర్ మొహం చిన్నబోయింది. అయినా తనే బల్ల మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక్కటి వేశాడు. దొర రెండు ముక్కలయ్యాడు. విరిగిన చోటు మైక్రోస్కోపు కింద పెడితే అంచు పదునుగా, తిన్నగా ఉంది. ఒక్క గుంట లేదు. మధ్యలో నరం పోయే సందు స్పష్టంగా కనిపిస్తోంది. పాలపన్ను అంచుకూ దీనికీ పోలికే లేదు.

అప్పుడు లెక్చరర్ బీరువాలోంచి ఒక గాజుపలక తీశాడు. పిల్లికూన దవడను పల్చగా కోసి రంగు వేసింది. దాన్ని పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నాడు. పాలపన్ను వేరు, దాని కింద మొగ్గలా కొత్త పన్ను. వేరు అంచున ప్రతి గుంటలోనూ ఒక పెద్ద కణం ఒదిగి కూర్చుని ఉంది. ఒక్కో కణంలో ఎన్నో కేంద్రకాలు.

“ఇగో, తినేటోళ్ళు” అన్నాడు. “ఎముకను తినేటోళ్ళే, పన్ను వేరును గూడ తింటరు. కింద కొత్తది లేస్తుంటే పైదానికి తొవ్వ ఇయ్యమంటరు. తిన్న సున్నమంతా నెత్తుర్ల కలుస్తది. నీ పన్ను వేరు నీ ఎముకల్లనే ఉన్నదేమో, ఎవరికి తెలుసు?”

ఎంతో సంతోషం వేసింది. సున్నం, అంటే కాల్షియం, నెత్తుట్లో ఎలా ఉంటుందనేది రసాయనం. దాన్ని ఎవరు హెచ్చించి తగ్గిస్తారనేది శరీర ధర్మం. కింద ఆ మొగ్గ ఎప్పుడు పుట్టిందనేది గర్భశాస్త్రం. మేం విడివిడిగా బట్టీపట్టి విడివిడిగా మరిచిపోతున్నవన్నీ ఒక్క పన్ను పట్టుకుని లాగితే వరసగా వచ్చాయి. ఆ తర్వాత ఆదివారాలన్నీ అలాగే చదివాం. “ఒక్క మార్కు కోసం ఇన్ని ఆదివారాలా?” అని తోటివాడు సణుగుతూనే ఉన్నాడు, సైకిల్ తొక్కుకుంటూ వస్తూనే ఉన్నాడు.

రాతపరీక్ష అయిపోయింది. మిగిలింది వైవా, దాంతోపాటు రోగి. అభ్యర్థికి ఒక రోగిని అప్పగించి, ఆ నోటిలో ఉన్నదాని మీదే ప్రశ్నలు వేసేవారు. అది మా విభాగంలోనే పెట్టారు. బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. పెద్ద పేరున్న సర్జన్. విరిగిన దవడలు అతికించడంలో ఆయన తర్వాతే ఎవరైనా అని చెప్పుకునేవారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన ఎదుట నిలబడితే నా పేరు నాకే గుర్తు రాలేదు. కోటు జేబులో సున్నం డబ్బా ఉంది. ఎవరికో చూపించడానికి కాదు, పరీక్షల రోజుల్లో దాన్ని వేళ్ళతో తిప్పడం అలవాటైపోయింది.

నా కుర్చీలోకి అంబర్‌పేట నుంచి వచ్చిన ఒక పాపను కూర్చోబెట్టారు. పదేళ్ళుంటాయేమో. పక్కన తల్లి. కింది దవడలో పాలపన్ను ఊగుతోంది, అన్నం తిననివ్వడం లేదట. నేను మెల్లగా పట్టుకుని తిప్పాను. అది నా చేతికి వచ్చేసింది. పాప ఏడవను కూడా లేదు.

ఎగ్జామినర్ వంగి నా పట్టకారులోని పన్నును చూశాడు. తర్వాత పాప నోట్లో దీపం వేసి చూశాడు. చిగురు గుంటలో, నెత్తురు మధ్య, తెల్లగా ఒక మొన కనిపిస్తోంది.

“రూట్ విరిగింది” అన్నాడు. “ముక్క లోపలుంది. తీసేయండి.”

వేరు తవ్వే పనిముట్టు ట్రేలోనే ఉంది. నా వంతు తర్వాత సీనియర్‌ది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆయనైతే ఈపాటికి మొదలుపెట్టేవాడు. నేనూ రెండు నెలల కింద అయితే మొదలుపెట్టేదాన్నే. చెప్పినట్టు చేస్తే పరీక్ష అయిపోతుంది, కుర్చీ నాదవుతుంది. చేయనంటే, ఎగ్జామినర్‌తో వాదించినదాన్ని ఎవరు పాసు చేస్తారు?

“విరగలేదు సార్” అన్నాను.

“ఏమిటి?”

“విరగలేదు సార్. అది వేరు కాదు. కింద వస్తున్న కొత్త పన్ను.”

“ఇది పరీక్షమ్మా. మనం ఇక్కడ వాదించుకోవడానికి రాలేదు.”

పాప తల్లి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. నాకు అలవాటైన కోపం వచ్చింది. ఆ కోపం వచ్చినందుకు ఈ రోజుకీ సంతోషమే. “నేను తవ్వను సార్. మీరు ఒక్కసారి ముట్టి చూడండి. అప్పుడు కూడా అది వేరు ముక్కే అంటే నన్ను ఫెయిల్ చేయండి” అని, పళ్ళు తడిమి చూసే సన్నటి ప్రోబ్ ఆయన చేతికిచ్చాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత వంగి, ఆ మొన మీద ప్రోబ్ మెల్లగా ఆనించాడు. గాజు మీద తగిలినట్టు నున్నగా జారింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ జారింది. వేరు అలా జారదు, గీరుకుంటుంది. ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఆ పన్ను ఇటివ్వు” అన్నాడు. నేను బోర్లించి చూపించి, అంచున గుంటలు చూడమన్నాను. ఒక్కదాన్ని చూస్తే నమ్మకం కుదరదేమోనని జేబులోంచి డబ్బా తీసి మూత తెరిచి ట్రేలో గుమ్మరించాను.

“ఇవన్నీ ఎక్కడివి?”

“ఇండ్ల కప్పుల మీదివి సార్.”

ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళజోడు మార్చుకుని, ఒక్కొక్కటే తీసి వెలుతురులో తిప్పసాగాడు. తర్వాత అడగడం మొదలుపెట్టాడు. ఏ కణాలు? వాటిని ఎవరు పిలుస్తారు? అన్ని వేర్లూ ఒకేసారి తింటాయా, ఒక పక్క నుంచి మొదలుపెడతాయా? నాకు తెలిసింది చెప్పాను. కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు, అవి పరీక్ష ప్రశ్నలు కావని. ఆయన తెలుసుకోవాలని అడుగుతున్నాడు.

“కింద కొత్త పన్ను పుట్టనే లేదనుకో. అప్పుడు కూడా పైదాని వేరు తింటాయా?”

“తెలియదు సార్.”

“నాకూ తెలియదు” అన్నాడాయన, ట్రేలోని పళ్ళను చూస్తూ.

పాప పన్నును స్పెసిమెన్ కింద దాచుకుంటానని ఆయన జేబులో వేసుకోబోతే తల్లి ఊరుకోలేదు. “అట్లెట్ల సారూ? ఇంటిమీద ఎయ్యాలె. లేకుంటే కొత్త పన్ను రాదు.” అంత పెద్ద సర్జనూ మారుమాట లేకుండా ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆయన నిజంగానే పొరబడ్డాడా, నన్ను పరీక్షించడానికి అలా అన్నాడా అన్నది నాకు చివరిదాకా తెలియలేదు. పరీక్షించడానికే అని తోటివాడు పందెం కాశాడు. ప్రోబ్ జారినప్పుడు ఆయన మొహం నేను చూశాను కాబట్టి నేను కాయలేదు. ఫలితం సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీకు ఆత్రం కదా. ముగ్గురం పాసయ్యాం. తోటివాడికి అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. పాలపన్ను ప్రశ్న మాత్రం రాతపరీక్షలో రానేలేదు.

కానీ నా ఫలితం బోర్డు కంటే ముందే వచ్చింది. ఒక పొద్దున పాప తల్లి ఆమెను వెంటబెట్టుకుని మా విభాగానికి వచ్చింది. “కొత్తది లేస్తున్నది, జర చూడున్రి” అంది. పాపను నా కుర్చీలో కూర్చోబెట్టి, కాలితో తొక్కి కుర్చీ పైకి లేపాను. నోరు తెరిచింది. ఆ రోజు తెల్లటి మొన కనిపించిన చోటే, చిగురు చీల్చుకుని కొత్త పన్ను లేస్తోంది. తడిగా మెరుస్తోంది, ఎక్కడా గీత లేదు.

“సార్, ఒకసారి రండి” అని సీనియర్‌ను పిలిచాను. గొప్పకు పిలిచాననే అనుకోండి, తప్పులేదు. ఆయన అద్దం తీసుకుని వంగాడు. వంగినవాడు లేవలేదు. ఒకసారి అద్దంలోంచి చూశాడు, ఒకసారి అద్దం తీసేసి చూశాడు. వేలితో ఆ మొనను ముట్టాడు.

“ఎన్ని తవ్వినానోమ్మా” అన్నాడు. నాకు మాత్రమే వినిపించేటంత మెల్లగా.

నా గొప్పంతా దిగిపోయింది. “మీకెవరూ చెప్పలేదు కదా సార్” అన్నాను.

“నేనూ ఎవుర్నీ అడగలేదు గదమ్మా.”

పాప పాపం, నోరు తెరిచే ఉంది. చివరికి ఆ తెరిచిన నోటితోనే అడిగింది, మూసుకోవచ్చా అని. మా సీనియర్ కోటు చేత్తో కళ్ళు తుడుచుకుని, ఆమె గడ్డం కింద వేలు పెట్టి తనే మెల్లగా మూశాడు.

“మూసుకో తల్లీ” అన్నాడు. “మొత్తం రానీ. వచ్చినాక నాకు సూపించిపో.”